బ్యాటరీ లైటు

దేవరకద్ర దాటాక కారులో ఎర్రటి బ్యాటరీ లైటు వెలిగింది.

మహేశ్ డ్యాష్‌బోర్డును అరచేత్తో ఒకటి చరిచాడు. పోయిన వారం కూడా ఇలాగే వెలిగి, చరిస్తే ఆరిపోయింది. మెకానిక్‌కు చూపించమని భార్య వసంతలక్ష్మి పోరితే, "దెబ్బకు దయ్యమే ఇడుస్తది, గీ లైటెంత?" అని నవ్వాడు.

ఈసారి దయ్యం విడవలేదు.

ముందు ఏసీ పోయింది. తరువాత హారన్ గొంతు పడిపోయింది. చివరికి కారే రోడ్డు పక్కన ఆగిపోయింది.

వసంతలక్ష్మి పాలమూరు దవాఖానలో ఉంది. తొలి కాన్పు. ఆపరేషన్ చెయ్యాలి, ముందు రక్తం తెచ్చుకోండి అంది డాక్టరమ్మ. ఓ నెగెటివ్ ఊళ్లో ఎక్కడా దొరకలేదు. బామ్మర్ది విజేందర్ ఎవరెవరికో ఫోన్లు చేయగా చేయగా, కొత్తకోటలో ఒకాయన ఇస్తానన్నాడు.

"బస్టాండు ముందట నిలబడ్తడంట బావా. నంబర్ పంపిన. జల్ది కార్ల తీసుకరా."

ఆ నంబరున్న ఫోనును మహేశ్ కారులోనే చార్జింగుకు పెట్టాడు. ఎక్కలేదు. కారు వెనకే అదీ చచ్చింది.

మూలిగే నక్క మీద తాటిపండు పడటమంటే ఇదే.

బానెట్ ఎత్తి చూశాడు. చూస్తే తెలిసేదేముంది? చీరల దుకాణంలో పనిచేసేవాడికి ఆ వైర్లన్నీ ఒక్కలాగే కనిపించాయి.

అప్పుడే కొత్తకోట వైపు నుంచి వచ్చిన బైకు ఒకటి కాస్త ముందుకు పోయి, మళ్లీ వెనక్కి వచ్చింది. తెల్ల టోపీ, తెల్ల అంగీ, నడివయసు మనిషి.

"ఏమైందన్నా?"

"కనవడ్తలేదా? కారు ఆగింది."

"నాకు గూడ గీ పని తెల్వది. వైర్లేమన్న లూజైనయేమో చూద్దాం."

ఆయన వంగి బ్యాటరీ వైర్లను అటూ ఇటూ కదిపి బిగించాడు. అంగీ చేతులకు మసి అంటింది. మహేశ్ తాళం తిప్పాడు. టిక్కుమంది, అంతే.

ఫోను అడుగుదామనుకున్నాడు మహేశ్. ఎవరికి చేయాలి? ఒక్క నంబరూ నోటికి రాదు.

"తోస్తె లేస్తదేమో. నువ్వు కూసో అన్నా, నేను తోస్త."

మహేశ్ దర్జాగా కూర్చున్నాడు. ఆయన ఎర్రటి ఎండలో తోశాడు.

"గట్టిగ తొయ్యి భాయ్! బలం లేదా?"

కారు లేవలేదు. ఆయన ఆయాసపడుతూ కిటికీ దగ్గరికొచ్చాడు.

"అన్నా, ఒక మాట అడుగుత. మీరేమన్న..."

"మాటలతోని కారు నడుస్తదా? ఇంకోపారి తొయ్యి!"

అత్త మీది కోపం దుత్త మీద పడింది. ఆ మనిషి అడగబోయింది మింగేసి మళ్లీ తోశాడు. లాభం లేకపోయింది.

"ఇగ నేను పోవాలె అన్నా. నాకు గూడ ఆలస్యమైతాంది."

చెమట తుడుచుకుని, బండికి తగిలించిన సంచిలోంచి అరటిపండ్లు తీశాడు. ఒకటి మహేశ్‌కు ఇవ్వబోయాడు. మహేశ్ తీసుకోలేదు. ఆయన అటు తిరిగి, తలవంచుకుని, గబగబా తిని నీళ్లు తాగాడు.

రంజాన్ నెల నడుస్తోంది. మహేశ్‌తో దుకాణంలో పనిచేసే హమీద్ రోజా ఉపవాసం పట్టి, పొద్దు గూకేదాకా చుక్క నీళ్లు ముట్టడు. అది గుర్తొచ్చి మహేశ్ ఒళ్లు మండింది. ఎవరినో ఒకరిని అనకపోతే ఆ మంట చల్లారేలా లేదు.

"నెత్తి మీద టోపి, పట్టపగలు తిండి. మస్తున్నది భాయ్ నీ రోజా!"

ఆ మనిషి ముఖం చిన్నబోయింది.

"అల్లాకు ఎరుకే అన్నా," అని బండెక్కి పాలమూరు వైపు వెళ్లిపోయాడు.

మహేశ్ దొరికిన ట్రాలీ ఆటో ఎక్కి కొత్తకోట చేరాడు. బస్టాండు ముందు కనిపించిన ప్రతి మనిషినీ "నెత్తురిచ్చెటోల్లు మీరేనా?" అని అడిగాడు. వాళ్లు వింతగా చూశారు. మాటిచ్చి ఎగ్గొట్టాడని ఆ ముఖం తెలియని మనిషిని నోటికొచ్చినట్టు తిట్టాడు. తిడుతూనే ఏడ్చాడు.

బస్సులో తిరిగొచ్చేసరికి పొద్దు వాలింది. దవాఖాన మెట్ల దగ్గరే ఆగిపోయాడు.

విజేందర్ నవ్వుతూ ఎదురొచ్చాడు.

"ఏడవోయినవ్ బావా? బిడ్డ పుట్టింది! అక్క మంచిగున్నది."

"రక్తం?"

"కొత్తకోట ముఖీత్ భాయ్ తనే వచ్చి ఇచ్చిండు. నీ ఫోన్ కలుస్తలేదని ఎవలిదో బండి అడుక్కొని వచ్చిండు. గిప్పుడే పోయిండు."

మహేశ్ బామ్మర్ది చెయ్యి పట్టుకున్నాడు.

"ఎట్లుండె మనిషి?"

"తెల్లంగి, చేతులకంత మసి. తొవ్వల ఎవరిదో కారు ఆగితె తోసిండంట. ఏం కష్టంల ఉన్నడో పాపం అని ఆ కారాయన గురించే ఫికర్ చేసిండు."

మహేశ్ గేటు దాకా ఉరికాడు. రోడ్డు మీద ఆ బండి జాడ లేదు. దూరంగా మసీదు నుంచి అజాన్ వినిపిస్తోంది.

వెనకే వచ్చిన విజేందర్ మెల్లగా అన్నాడు. "ఖాలీ కడుపుతోని నెత్తురు తీసుకోరని ఫోన్ల నేనే చెప్పిన బావా... మన అక్క కోసం తొవ్వలనే రోజా ఇడిచి, అరటిపండు తిని వచ్చిండంట."