బియ్యం డబ్బాలో స్కేలు

నతానియేలు సారు వంటింట్లో దొంగతనం జరుగుతోంది. పోతున్నది బంగారం కాదు, బియ్యం. అయినా సారుకు కంటి మీద కునుకు లేదు.

ఆయన పాణ్యంలో ముప్ఫై నాలుగేళ్లు లెక్కలు చెప్పి, జూన్‌లో రిటైరయ్యాడు. బడి లేకపోయేసరికి ఆయన లెక్కలన్నీ నంద్యాలలోని సొంతింటి వంటగది మీద పడ్డాయి. ఉప్పు, పప్పు, మెంతులు, ఆవాలు, దేన్నీ వదలకుండా ప్రతి డబ్బాకూ చీటీ అంటించాడు. పాత సరుకు ముందు, కొత్త సరుకు వెనక పెట్టించాడు. వారం పాటు ఏ పూట ఏం వండాలో ఆదివారమే రాసి ఫ్రిజ్ తలుపుకు అతికించేవాడు. ఆ కాగితంలో లేని సరుకును హనుమంతయ్య శెట్టి అంగట్లో ఊరికే ఇచ్చినా ముట్టేవాడు కాదు. నెలకు రెండు వేలు మిగిలిస్తున్నానని చర్చిలో మగవాళ్లందరికీ చెప్పి, వాళ్ల భార్యల చేత తిట్లు కూడా తిన్నాడు.

ఇంత చేసినా బియ్యం దగ్గర ఆయన పరువు పోతోంది. పూటకు రెండు గ్లాసులు, గింజ ఎక్కువ కాదు. ఆ కొలత ప్రకారం నెలాఖరు దాకా రావాల్సిన డబ్బా ప్రతి నెలా ఇరవై అయిదో తేదీకే అడుగంటుతోంది. ఆదివారం ఆరాధన నుంచి రాగానే, చెప్పులైనా విప్పకుండా, బడిలో వాడిన చెక్క స్కేలు డబ్బాలో దించి చూసేవాడు. వారం వారం తేడా వస్తూనే ఉంది. ఎలుకలు అనుకుందామంటే మూత బిగుతుగా ఉంది. చీమలు అనుకుందామంటే అంత బరువు అవి మోయలేవు.

ఆ లోటు పూడ్చడానికి సారు తనకు తానే ఒక దారి కనిపెట్టాడు. ఆళ్లగడ్డలో ఉన్న బావమరిది శాంసన్ నెలనెలా అయిదు కిలోల సోనా బియ్యం సగం ధరకే ఇస్తాడు. సారు బస్సెక్కి పోయి సంచి భుజాన వేసుకుని వస్తాడు. “తెలిసినోళ్ల బియ్యమే బావా, రాయీ రప్పా ఉండదు,” అనేవాడు శాంసన్. నిజంగానే అచ్చం ఇంటి బియ్యం లాగే ఉడికేవి. బస్సు ఛార్జీ సంగతి నిర్మల ఎత్తితే మాత్రం, “మీ తమ్ముణ్ణి చూసొచ్చినట్టూ ఉంటుంది,” అని మాట దాటేసేవాడు. ఇంత తెలివిగా తెచ్చుకున్న బియ్యం కూడా దొంగ పాలవుతుంటే ఎవరికైనా కడుపు మండదా?

ఆ వంటింట్లో అడుగుపెట్టేది ముగ్గురే: తను, భార్య నిర్మల, పొద్దున వచ్చి అంట్లు తోమే ఏసమ్మ. తను తియ్యలేదు. తన ఇంటి బియ్యం నిర్మల ఎందుకు దొంగిలిస్తుంది? రెండు తీసివేతలు చేస్తే మిగిలింది ఏసమ్మ.

సోమవారం ఆమె పని ముగించి బయలుదేరుతుంటే సారు స్కేలు పట్టుకుని వాకిట్లో అడ్డంగా నిలబడ్డాడు.

“ఆ సంచి ఒకసారి చూపించు ఏసమ్మా.”

“ఏందీ సార్?”

“ఇంట్లో బియ్యం పోతాండాయి.”

ఏసమ్మ సంచిని బండల మీద బోర్లించింది. ఒక తువ్వాలు, వక్కాకు తిత్తి, పాటల పుస్తకం పడ్డాయి. బియ్యపు గింజ ఒక్కటీ రాలలేదు.

“పదకొండేండ్ల నుంచి మీ ఇంట్లో చేస్తాండా,” అంది ఏసమ్మ. “నాకు రేషన్ బియ్యం ఉండాయి సార్. మీ సోనా నాకెందుకు?”

సారుకు సిగ్గేసింది. కానీ తన తీసివేత తప్పవుతుందంటే ఆయన మనసు ఒప్పుకోలేదు. “సరేలే, రేపట్నుంచి పనికి రావద్దు,” అనేశాడు.

ఆ మాటకు లోపలి నుంచి నిర్మల పరుగున వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది.

“ఆమెనేమీ అనొద్దండి. తీస్తాండేది నేను.”

“నువ్వా? తీసి ఏం చేస్తాండావ్?”

“దేవునికి. ఎసట్లో పోసేముందు పూటకొక పిడికెడు పక్కన పెడ్తా. మా అమ్మ సువార్తమ్మ నేర్పింది. పెండ్లైన కాడ్నుంచీ ఒక్క పూటా తప్పలేదు. మీరు కొలతలు పెట్టినాక చెప్తే వద్దంటారని దాచిపెట్టినా.”

సారు చేతిలోని స్కేలు కిందకు దించాడు. చర్చి పెద్దల్లో ఒకడైన తను దేవుని పిడికెడుకు అడ్డం చెబితే ఇంకేమైనా ఉందా? పైగా పదకొండేళ్ల నమ్మకమైన మనిషిని వాకిట్లో నిలబెట్టి దొంగను చేశాడు. ఆయనకు నిజంగానే బాధ కలిగింది.

“తప్పైపోయింది ఏసమ్మా. మనసులో పెట్టుకోవద్దు. రేపు రా,” అన్నాడు.

ఏసమ్మ కళ్లు తుడుచుకుంది గానీ అక్కడి నుంచి కదల్లేదు. సారు ఇంకొకరి చేతిలో చిక్కడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

అయితే లెక్కల మాస్టారుకు ఏదీ సగంలో వదిలే అలవాటు లేదు. “మన చర్చిలో బియ్యం తెచ్చేవాళ్లను నేను చూడలేదే. అందరూ కానుక ఫోన్‌లో పంపిస్తాండారు.”

“మన చర్చిలో కాదండి, మా అమ్మోళ్ల చర్చిలో. అమ్మను చూడ్డానికి పోయినప్పుడల్లా తీసకపోతా. బస్సులో ఆడోళ్లకు టికెట్ లేదు గదా. ఆడ కూడా అంతా ఫోన్లే. పిడికెడు బియ్యం తెచ్చేది ఇప్పుడు నేనొక్కదాన్నే.”

“వాళ్లు ఆ బియ్యం ఏం చేసుకుంటారు?”

“ట్రెజరర్ తక్కువ ధరకు అమ్మి, ఆ దుడ్లు కానుక పెట్టెలో ఏస్తాడు.”

సారు పగలబడి నవ్వాడు. పొద్దుటి నుంచి ఆయనకు దొరికిన మొదటి సంతోషం అదే. “పిడికెడు పిడికెడు పోగేసిన బియ్యం దుడ్లిచ్చి కొనే తిక్కలోడు యాడుంటాడే?”

నిర్మల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ట్రెజరర్ మా శాంసనే గదండి. ఎనిమిది నెలలుగా ఆ బియ్యం కొంటాండేది మీరొక్కరే.”