తప్పు లెక్కలు

“ఏడు ఎనిమిదులు మళ్ళీ యాభై నాలుగా?” తల్లి ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేసింది. “నిన్న ఎక్కం గడగడా అప్పజెప్పిన నోరు ఇదేనా?”

ఎనిమిదేళ్ళ కూతురు తల వంచుకుని పెన్సిల్ కొరుకుతోంది. బడి మాన్పించి ఇంట్లోనే చదువు చెప్పడం మొదలుపెట్టి నాలుగు నెలలైంది. పిల్ల వెనకబడిపోతోందన్న దిగులు తల్లిని లోలోపల తినేస్తోంది.

“ఇక నా వల్ల కాదు తల్లీ. సోమవారం నుంచి బడికే పంపేస్తాను.”

“వద్దమ్మా! చేస్తాను, చూడు,” అంటూ పిల్ల కంగారుగా పుస్తకం లాక్కుంది. అట్టలోంచి ఒక చిత్తుకాగితం జారిపడింది. తల్లి తీసి చూసింది. అవే పది లెక్కలు. పదీ కరెక్టే.

“ఎవరు చేశారే ఇవి?”

“నేనే. ముందు ఇందులో చేసుకుని, తర్వాత పుస్తకంలో తప్పులు రాస్తాను.”

“పిచ్చా నీకు? ఎందుకలా?”

“అన్నీ కరెక్టయితే ‘సరే, ఆడుకో’ అని గదిలోకెళ్ళి తలుపేసుకుంటావుగా. పిలిచినా పలకవు. తప్పులుంటే తిడతావు కానీ, ఇక్కడే కూర్చుంటావు.”

తలనొప్పి వంకతో తాను మంచానికి అతుక్కుపోయే మధ్యాహ్నాలు పిల్లకి పట్టవనే తల్లి ఇన్నాళ్ళూ అనుకుంది. పెన్నుకి మూత పెట్టింది.

“ఈసారి సరిగ్గా చెయ్యి. నేనెక్కడికీ పోను.”

పిల్ల కుడిచేత్తో లెక్కలు మొదలుపెట్టి, ఎడమచేత్తో అమ్మ మణికట్టు పట్టుకుంది. పది లెక్కలూ పూర్తయ్యాక కూడా వదల్లేదు.