మొదటి పేజీలో హంతకుడు

ఈ నవల మొదటి పేజీలో కూడా ఎవరో రాసేశారు. ‘చంపింది డ్రిల్లు మాస్టారు.’

ఫాయిజా పుస్తకాన్ని బల్ల మీదికి గిరాటేసింది. పదో తరగతి పిల్లలు నలుగురు అడవికి వెళ్లి ముగ్గురే తిరిగొచ్చే కథ అది. నాలుగు రోజులు కాచుకుని కూర్చుంటే ఇవాళ తన వంతు వచ్చింది. సస్పెన్సు నవలలో హంతకుడి పేరు ముందే చెప్పేసేవాణ్ణి ఏం చేసినా పాపం లేదు.

"ఎవడోగానీ వాడి చేతులు పడిపోను!" అంది.

రెంటచింతల ఎండ గురించి మనం చెప్పక్కర్లేదు, ఏటా టీవీవాళ్ళే చెబుతారు. ఆ ఎండలో పిల్లలు పడి తిరక్కుండా రిటైర్డు టీచరు ధనలక్ష్మి తన ఇంటి ముందుగదిలో కూలరు పెట్టించి, కుర్రకారు మెచ్చే సస్పెన్సు నవలలు తెప్పించింది. షరతు ఒకటే. "ఈ గది చదివేవాళ్ళకే. చల్లగాలికొచ్చి కూర్చునేవాళ్ళకు కాదు" అని రోజూ ఒకసారి గట్టిగా అనేది.

పిల్లలు కాక వచ్చేది ఇన్నయ్య ఒక్కడే. డెబ్బై దాటాయి. ఉండేది రేకుల గది. పోయిన వేసవిలో భార్య వెంకాయమ్మ ఆ రేకుల కిందే వడదెబ్బకు పోయింది. ఈ వేసవి గట్టెక్కితే చాలనుకున్నాడు. పొద్దున్నే వచ్చి, కళ్ళజోడు తగిలించి ఓ నవల తెరిచాడంటే సాయంత్రం దాకా తలెత్తేవాడు కాదు.

అనుమానం మొదట పక్కనే కూర్చున్న స్నేహితురాలు సాయిసాత్వికకు వచ్చింది.

"ఇంకెవురే? ఆ తాతే. మనకన్నా ముందొస్తాడు, అందరికన్నా ఎనక పోతాడు."

ఫాయిజాకు కూడా ఒక సంగతి గుర్తొచ్చింది. తను ఏ నవల పూర్తి చేసినా ఇన్నయ్య పక్కకు పిలిచి కథ చెప్పించుకునేవాడు. నోరు తెరుచుకుని వినేవాడు. "ఇంతకీ సంపిందెవురమ్మా?" అని ఆత్రంగా అడిగేవాడు. "నువ్వూ చదివావుగా తాతా?" అంటే, "చదివినా నీ నోటెంట వింటే చానా బాగుంటదమ్మా" అనేవాడు. అప్పుడు ఆ మాటకు పొంగిపోయేది. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండింది.

"టీచర్! ప్రతి కథలో హంతకుడెవరో అడిగి మరీ తెలుసుకునేది ఈ తాతే" అని చెప్పేసింది.

పిల్లలంతా చుట్టూ మూగారు.

"ఈ వయసులో ఇదేం బుద్ధి ఇన్నయ్యా?" అంది ధనలక్ష్మి.

"నేను కాదు టీచరమ్మా."

"కాదనేదానికి రుజువేంది?"

ఇన్నయ్య ఏదో చెప్పబోయాడు. కూలరు వంక చూశాడు. నోరు మూసుకున్నాడు.

మౌనం అర్ధాంగీకారం. మిగతా సగం కాగితం మీద రాయించుకుందామన్నారు పిల్లలు.

సాత్విక తెల్లకాగితం తీసి, ‘పేర్లు రాసింది నేనే. ఇక రాయను’ అని గుండ్రంగా రాసింది. అందరూ కిసుక్కున నవ్వారు. ధనలక్ష్మి నవ్వలేదుగానీ ఆపనూ లేదు.

"దీని కింద సంతకం పెడితే రేపట్నించీ రావచ్చు. లేదంటే ఈ గడప తొక్కొద్దు" అంది ధనలక్ష్మి.

బయట మిట్టమధ్యాహ్నం. రోడ్డు మీద పురుగు లేదు. ఇన్నయ్య ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు.

"పెడితే నిజంగా రానిస్తారా టీచరమ్మా?"

"మాటంటే మాటే."

ఫాయిజా పెన్ను మూత తీసి అతని చేతిలో కుక్కింది.

"పెట్టు తాతా. రాయటం నీకేం కొత్త కాదుగా!"

ఇన్నయ్య తల వంచుకుని, ఆ పెన్ను మొనను ఎడమ బొటనవేలికి గీకి గీకి సిరా పూసుకుని, ‘రాసింది నేనే’ అన్న మాటల కింద వేలిముద్ర వేశాడు.