లెక్కకు అందని గాలి

ఆ టర్బో కారు ఇంజన్లో పెట్రోలు చాలక గాలి ఎక్కువవుతోంది. ఎక్కడో దొంగగాలి దూరుతోందని మెకానిక్ పైపులన్నీ తడిమి చూశాడు. ఒక్క చిల్లూ లేదు. విసుగెత్తి ఇంజన్ ఆపేశాడు.

కారుకి తగిలించిన స్కానర్ తెర మీద లోపలికెళ్ళే గాలి అంకె సున్నాకి పడిపోవాలి. పడలేదు. మెల్లగా పెరిగింది, తగ్గింది, మళ్ళీ పెరిగింది, నిద్రపోయే మనిషి ఛాతీలా. గాలిని కొలిచే సెన్సర్ తీసేసి కొత్తది బిగించాడు. అదీ అంతే.

చీకటి షెడ్డులో ఫోన్ మోగింది. భార్య. స్పీకర్ నొక్కాడు.

"ఏమండీ, ఇంకా ఎంతసేపు?"

అంకె సున్నా దగ్గర ఠక్కున ఆగింది. ఎవరో ఊపిరి బిగబట్టి వింటున్నట్టుంది.

"పలకరేం? సరేలెండి, అన్నం పట్టుకుని నేనే వస్తున్నా."

అంకె మళ్ళీ కదిలింది. ఈసారి గబగబా.