పగులుకు మెత్తిన మట్టి

గుట్ట కింద ఎలుకలకు ఒక ఆచారం ఉండేది. నేల అదిరి బొరియ పగిలితే, అన్నీ కలిసి పగులుకు మట్టి మెత్తి, ఆ పూట గింజలు పంచుకుని తినేవి. నేలకు అలక తీరిందని వాటి నమ్మకం.

ఆ వారం మూడుసార్లు అదిరింది. ముసలి చుంచెలుక నేలకు పొట్ట ఆనించి వింది.

"ఇది అలక కాదమ్మా. అడుగున రెండు బండలు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఇరుక్కున్నాయి. కాస్త జారితేనే ఇంత అదురు. పూర్తిగా పట్టు తప్పితే గుట్ట నిలవదు. బయటికి పోదాం రండి."

"మొన్నా ఇదే చెప్పావు అవ్వా. రోజంతా బయటే ఉన్నాం, ఏమీ కాలేదు. పిల్లలు వానకు తడిశారు," అంది తల్లి ఎలుక, మట్టి మెత్తుతూనే.

చుంచెలుక ఒక్కటే వెళ్లింది.

మర్నాడు పొద్దున బండలు పట్టు తప్పాయి. గుట్ట కూలింది. మట్టిలోంచి తల్లి ఎలుక ఒక్కటే పాకి వచ్చింది. పిల్లలు రాలేదు.

"నేలకు మా మీద అంత కోపమేంటవ్వా?"

"కోపం లేదమ్మా. మనం ఉన్నామని కూడా ఆ బండలకు తెలియదు."

నేల మళ్లీ చిన్నగా అదిరింది.

"అవింకా సర్దుకుంటున్నాయి," అంది చుంచెలుక.

తల్లి ఎలుక గుప్పెడు మట్టి తీసుకుంది. మెత్తడానికి గోడ కోసం చుట్టూ వెతికింది.