బోర్లా వేసిన బండ

దూలపల్లి బండల కార్ఖానాలో షాబాదు బండను కోస్తుంటే చేటంత పురుగు అచ్చు బయటపడింది. ఒళ్లంతా కాళ్లే. కోట్ల ఏళ్ల కింద ఎండిపోయిన సముద్రంలోదని, ఇంతవరకూ ఎవరూ చూడనిదని చెప్పి ఫోటోలు తీసుకుపోయిన పెద్దసార్లు మళ్లీ రాలేదు. మూలన పడేసిన ఆ బండను అక్కడ కూలిచేసే యమున రావల్కోల్‌లోని తన కొత్త ఇంటికి తెచ్చుకుంది. బిడ్డ జడుసుకుంటుందని, మేస్త్రీ వీరయ్యతో చెప్పి దాన్ని బోర్లా వేయించింది.

ఆ రాత్రి ఇల్లు కడిగితే అన్ని బండలూ ఆరాయి, అదొక్కటి తప్ప. యమున ఆ తడిని వేలితో అద్ది నాలుకకు రాసుకుంది. ఉప్పగా ఉంది.

బండ కింద ఏదో గీరుతోంది.

బిడ్డ కళ్లు తెరిచింది. "అమ్మా, ఏందే గా సప్పుడు?"

"ఏం లేదు, పండుకో." యమున మడమతో బండను గట్టిగా తన్నింది. "గన్ని కోట్ల ఏండ్లు సప్పుడు జెయ్యకుండ పండుకున్నవ్. నా ఇంటికొచ్చినంకనే లేస్తవా? రెక్కలు ముక్కలు జేసుకొని కట్టుకున్న ఇల్లిది!"

గీరడం ఆగింది. బయట కీచురాళ్లూ ఆగిపోయాయి. తర్వాత కింది నుంచి, అంతే గట్టిగా, ఒక తాపు.

"అట్లనా?" యమున రోలును దొర్లించుకొచ్చి బండ మీద పెట్టి, దానిపైకెక్కి కూర్చుంది.

రోలు ఆమెతో సహా వెంట్రుకవాసి పైకి లేచింది.

ఆమె దిగలేదు.