గుమ్మం ఎదుటి కొండ

"నా ఇల్లు నీ కాళ్ళ కింద ఉంది. పక్కకు జరుగు," అన్నాడు జువెనాల్.

"నీది కాదు బావా, నాది," అన్నాడు తియోఫిలో, గునపం మీద నుంచి చెయ్యి తియ్యకుండా. "మా గుమ్మంలో నిలబడితే కొండకొన మీది నొక్కు సరిగ్గా ఇలాగే కనబడేది. మా అక్కే ఉంటే చెప్పేది నీకు."

"మీ అక్క నా గుమ్మంలో ముప్ఫై ఏళ్ళు నిలబడింది. చెబితే నా మాటే చెప్పేది."

ఇద్దరూ ఆ నొక్కు వంకే చూశారు. గుర్తు పట్టడానికి ఇంకేం మిగల్లేదు. ఫోగో దీవిలో, అగ్నికొండ కడుపులో ఉన్న ఆ ఊరి మీద లావా పారి ఏడాదైంది. ఇళ్ళు, చర్చి, ద్రాక్ష నాటిన గుంటలు, దారులు అన్నీ ఒకే నల్లరాయి. సర్వే ఆయన సాయంత్రం దాకా గడువిచ్చాడు. రాతి కింద తన ఇంటి ఆనవాలు చూపించినవాడికే మళ్ళీ కట్టుకునే అనుమతి. మిగతావాళ్ళు సముద్రం ఒడ్డున వేసిన రేకుల గదులకు దిగిపోవాలి.

"ఆ రేకుల మీద ద్రాక్ష కాస్తుందా సారూ?" అని జువెనాల్ పొద్దున్నే అడిగాడు. ఆయన తన సీసాలోని నీళ్ళు అందించాడు.

"తవ్వితే తేలుతుంది," అన్నాడు తియోఫిలో. ఇంటింటికీ వాననీళ్ళ తొట్టి, దాని మీద సిమెంటు మూత ఉండేవి. "నా తొట్టి మూత బయటపడితే నువ్వు దిగిపోవాలి."

"నాది పడితే నువ్వు. నీ మోకాళ్ళు ఎలాగూ దిగడానికే పనికొస్తాయి."

లావా అంచు కావడంతో అక్కడ రాయి నడుం లోతే. వంతులేసుకుని కొట్టారు. లోపల ఇంకా వేడి ఆరలేదు. తియోఫిలో కాఫీ గిన్నె పగుల్లో పెట్టి, కాగాక మొదటి గుక్క బావకిచ్చాడు.

పొద్దు వాలుతుండగా గునపం చప్పుడు మారింది.

"సిమెంటు," అన్నారిద్దరూ ఒకేసారి.

చేతులతో పెళ్ళలు ఎత్తి పారేశారు. సున్నం వేసిన అంచు కనబడింది. ఆ సున్నం జువెనాల్ చేతిదే, ఎక్కడున్నా పోల్చుకుంటాడు.

"నాదేరా," అన్నాడు.

తియోఫిలో ఇంకా తుడిచాడు. తొట్టి మూతలు చదరంగా ఉంటాయి. ఇది సన్నగా, పొడుగ్గా సాగింది. దాని చివర ఒక శిలువ. కొండ బద్దలైన రోజే ఆ నొక్కు కూడా పక్కకు జరిగిందని అప్పటిదాకా ఇద్దరికీ తట్టలేదు. సమాధుల చోట ఎవరినీ కట్టుకోనివ్వరు.

తియోఫిలో టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

గట్టు మీద నుంచి సర్వే ఆయన కాగితం విప్పాడు. "సిమెంటు తగిలిందన్నారు. ఇంతకీ ఇల్లెవరిది?"

జువెనాల్ శిలువ మీద చెక్కిన అక్షరాల్లోని బూడిదను వేలితో తీసి చదువుకున్నాడు.

"మా ఆవిడది సారూ."